రవిబాబు డైరెక్ట్ చేసిన సినిమాల్లో ముందు ఏవి చూడాలి?

నాకు రవిబాబు అంటే మురారిలో బుల్లెబ్బాయే, ఇంకా అక్కడక్కడా విలన్ వేషాలు. అల్లరి ఆయన డైరెక్షనే అని నిన్న మా ఫ్రెండ్ చెప్తే నమ్మలేదు, చూస్తే నిజమే. పెద్ద హీరోలు లేకుండా చిన్న బడ్జెట్‌తో ఇన్నేళ్లు ఎలా నెట్టుకొచ్చారు? ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు 1:
2002 అల్లరితోనే మొదలుపెట్టండి, నరేష్‌కి ఆ పేరు జీవితాంతం అతుక్కుపోయింది చూడండి. తర్వాత అనసూయ (2007), నచ్చావులే (2008) వరసగా చూడండి. ఒకదాంట్లో భూమిక టీవీ రిపోర్టర్, హంతకుడి వేషం ఆయనే వేసుకున్నారు, రెండోది ఉషాకిరణ్ మూవీస్ బ్యానర్‌లో తనీష్, మాధవీలతతో ముచ్చటైన లవ్ స్టోరీ. ఏడాది తేడాలో ఈ రెండూ ఒక్కడే తీశాడా అనిపిస్తుంది.

జవాబు 2:
నా ఓటు మాత్రం అవును (2012)కే. కథంతా దాదాపు ఒక్క ఇంట్లోనే. దెయ్యం కంటికి కనపడదు, పూర్ణ ఒక్కతే ఖాళీ గదిలో ఎవరో మీద పడుతున్నట్టు గింజుకుంటుంటే మనం కుర్చీలో బిగుసుకుపోతాం, అదంతా ఆ అమ్మాయి నటన, కెమెరా, సౌండ్, అంతే. డబ్బుల్లేని చోట బుర్ర వాడటం అంటే ఇదీ. తను నటుడు కాబట్టే ఆర్టిస్టు మీద అంత భారం పెట్టే ధైర్యం చేశాడని నా నమ్మకం.

జవాబు 3:
పైన చెప్పినవాటితో ఏకీభవిస్తా కానీ ఆయన టెక్నిక్ మీద మోజు పడ్డప్పుడల్లా కథ పల్చబడింది అండి, లడ్డుబాబులో నరేష్‌కి అంత లావు మేకప్ వేసి ఏం లాభం, నవ్వు రాలేదు. అదుగో (2018) పందిపిల్ల హీరోగా తీశారు, 2016లో నోట్ల రద్దప్పుడు ఆ పందిపిల్లని చంకనేసుకుని ఏటీఎం క్యూలో నిలబడ్డ ఫొటో గుర్తుందా, సినిమా కంటే ఆ ఫొటోనే ఎక్కువమంది చూశారు. అయినా తెలుగులో అలాంటిది ట్రై చేసిందెవరు, అందుకే ఆయనంటే నాకు గౌరవం. అవును 2 కూడా ఉంది, కానీ మొదటిది చూడకుండా పెట్టకండి, కథ దాని కొనసాగింపే.