గృహ కూడికలో ఎవరూ నోరు విప్పడం లేదు, ఏ పాఠాల పుస్తకం వాడాలి?

రాయగడ సహోదరుడు:
అందరికీ వందనాలు. ఒడిశాలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో ప్రతి శుక్రవారం సాయంత్రం జరిగే గృహ కూడికను నడిపించే బాధ్యతను పాస్టరుగారు నాకు అప్పగించారు. వచ్చినవారు పాటలు బాగానే పాడతారు, ప్రార్థన అంటే వెంటనే మోకరిస్తారు, కాని వాక్యధ్యానంలో ఒక ప్రశ్న అడిగితే చాలు, అందరూ తలలు దించుకుంటారు. వరుసగా తలా ఒక వచనం చదవమంటే కొందరు మంచినీళ్ల నెపంతో లేచి వెళ్లిపోతున్నారు, యువకులైతే రావడమే మానుకుంటున్నారు. ప్రస్తుతం బైబిలులో పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, ధ్యానిస్తున్నాము. ఈ రోజు సాయంత్రమంతా ఫోనులో వెతికి వెతికి విసిగిపోయాను, దొరికిన పాఠాలన్నీ నగరాల్లోని పెద్ద సంఘాల కోసం రాసినట్టున్నాయి. చర్చ పుట్టించే ప్రశ్నలున్న తెలుగు పుస్తకం ఏదైనా తెలిస్తే దాని పేరు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

క్లుప్తభాషి:
లోపం పుస్తకంలో లేదు. మీరు ఎంతసేపు మాట్లాడుతున్నారు?

జయపురం లూథరన్:
ఈ చిన్న గుంపుల పద్ధతి మొన్నమొన్ననే కొరియా నుండి దిగుమతి అయినట్టు మన యువకులు మాట్లాడుతున్నారు కాబట్టి ముందుగా ఆ సంగతి చెప్పవలసి వస్తోంది. 1670లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో స్పెనర్ అనే లూథరన్ పాదిరి విశ్వాసులను తన ఇంట్లో సమావేశపరచి, భక్తి విషయాల గురించి తాను చెప్పడమే కాక వారిని కూడా మాట్లాడనిచ్చాడు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ అనుచరులు మందిరం అప్పు తీర్చడానికి మనిషికి వారానికొక పెన్నీ వసూలు చేయాలనుకుని, సభ్యులను సుమారు పన్నెండేసి మందిగా విభజించి ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క నాయకుణ్ణి పెట్టారు. డబ్బుకోసం ఇంటింటికీ తిరిగిన ఆ నాయకులకు ఆ ఇళ్లలోని కలహాలూ కష్టాలూ తెలిసివచ్చాయి, అప్పటినుండి ఆ గుంపులే ఆత్మీయ పరామర్శకు ఆధారమయ్యాయి. 1882లో జర్మనీలోని బ్రెక్లుమ్ నుండి మన ప్రాంతానికి వచ్చిన మిషనరీలు కూడా స్పెనర్ నాటి ఆ జర్మన్ భక్తి ఉద్యమపు వారసులే. అందుచేత దయచేసి దీనిని సెల్ గ్రూప్ అని పిలవకండి.

క్లుప్తభాషి:
ఆయన గృహ కూడిక అనే రాశారు.

బరంపురం గుమాస్తా:
పేరు ఏదైనా పెట్టుకోండి, కాగితాలు సరిగా ఉంచుకోండి. ఒడిశాలో 1967 నాటి మత స్వేచ్ఛ చట్టం అమలులో ఉంది, మతమార్పిడి సంస్కారం జరిపించే గురువు 15 రోజుల ముందుగా జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలని 1989 నియమాలు చెబుతున్నాయి. ఇరుగుపొరుగువారు కూడా కూడికకు వచ్చి కూర్చుంటున్నట్లయితే హాజరు పట్టీ ఒకటి పెట్టి సంతకాలు తీసుకోవడం శ్రేయస్కరం.

గుణుపురం ఉపాధ్యాయురాలు:
గుమాస్తాగారూ, ఆ చట్టం బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా జరిగే మతమార్పిడులకు సంబంధించినది. సంఘ సభ్యులు ఒక ఇంట్లో కూర్చుని వాక్యం చదువుకోవడానికి కాదు. అసలే నోరు విప్పనివారి ముందు సంతకాల పుస్తకం పెడితే, వారు వచ్చే వారం గుమ్మం కూడా తొక్కరు. రాయగడ సహోదరా, నాకు ఒక్క విషయం చెప్పండి. వచనం చదవమన్నప్పుడు లేచిపోయేవారు ఏ మాధ్యమంలో చదువుకున్నారు?

రాయగడ సహోదరుడు:
ఒడియా మాధ్యమమే. ఇక్కడ పుట్టి పెరిగినవారందరూ అంతే కదా, అది వేరే చెప్పాలా? పెద్దవారు బొబ్బిలి, పార్వతీపురం వైపు నుండి కాగితపు మిల్లులో పనికి వచ్చి స్థిరపడినవారు, పిల్లలూ కోడళ్లూ ఇక్కడివారు. ఇళ్లలో అందరూ తెలుగే మాట్లాడతారు. పదహారు పదిహేడు మంది వస్తారు, నేను నలభై నిమిషాలు వాక్యం చెప్పిన తరువాత ప్రశ్నలు అడుగుతాను. వీటికీ నేను అడిగినదానికీ సంబంధమేమిటో నాకు అర్థం కావడం లేదు.

క్లుప్తభాషి:
నలభై నిమిషాలు విన్నవారికి ఇక చెప్పడానికి ఏమి మిగులుతుంది?

గుణుపురం ఉపాధ్యాయురాలు:
సంబంధం ఉంది. తెలుగు ధారాళంగా మాట్లాడుతూ తెలుగు అక్షరం చదవలేని యువకుడికి, పెద్దల ముందు గ్రంథం చేతికిచ్చి చదవమనడం ఎంత అవమానమో ఆలోచించండి. తడబడి నవ్వులపాలు కావడం కంటే మంచినీళ్లకు లేవడం మేలని అతను అనుకుంటాడు. పైగా మీరు ఎంచుకున్నది ఎఫెసీ పత్రిక. మొదటి అధ్యాయంలో 3వ వచనం నుండి 14వ వచనం వరకు గ్రీకు మూలంలో ఒకే వాక్యం. మన గ్రాంథిక అనువాదంలో దానిని తెలుగు మాధ్యమంలో చదివినవారే ఊపిరి బిగబట్టి చదవాలి.

కొన్నాళ్లపాటు వంతుల చదువు పూర్తిగా మానేయండి. పత్రికను పక్కనపెట్టి సువార్తలోని ఒక సంఘటన తీసుకోండి. ఉదాహరణకు మార్కు 2వ అధ్యాయంలో నలుగురు మనుషులు పక్షవాయువు గలవానిని ఇంటి కప్పు విప్పి దించిన సంగతి. బాగా చదవగలిగినవారు ఒకరు దానిని తెలుగులో నిదానంగా చదవాలి, ఇష్టమైన మరొకరు అదే భాగాన్ని ఒడియా గ్రంథంలో నుండి చదవాలి. అధ్యాయాలూ వచనాల సంఖ్యలూ రెండింటిలోనూ ఒకటే కాబట్టి ఎవరూ దారి తప్పరు. ఆ తరువాత గ్రంథాలు మూసి, విన్నదానిని ఎవరైనా తమ మాటల్లో చెప్పమనండి, వదిలేసినదానిని మిగిలినవారు కలుపుతారు. అక్షరం రాని ముసలమ్మ కూడా ఈ పని చేయగలదు, తరచుగా అందరికంటే బాగా చేస్తుంది.

ప్రశ్నలు అప్పుడే రావాలి, అవి కూడా తేలికైనవి మొదట రావాలి. గుంపు అడ్డం వచ్చినప్పుడు ఆ నలుగురు ఏమి చేశారు, కప్పు విప్పుతుంటే ఆ ఇంటివారు ఏమనుకుని ఉంటారు, స్వస్థత కోసం తెచ్చినవానితో యేసు ముందుగా పాపక్షమాపణ గురించి ఎందుకు మాట్లాడాడు, మన వీధిలో మోసుకు రావలసినవారు ఎవరున్నారు అన్నంత వరకు చాలు. మొదటి ప్రశ్నకు జవాబు వచనంలోనే ఉంది కనుక ఎవరికీ భయం ఉండదు, చివరిదానికి ఎవరి జవాబు వారిదే. అడిగిన తరువాత ఆ మౌనాన్ని భరించండి. మీరే జవాబు చెప్పే అలవాటు ఉంటే వారు దానికోసమే ఎదురుచూస్తారు.

ఇంకొక విషయం పురుషులకు కనిపించదు. మామగారూ బావగారూ ఎదురుగా కూర్చున్నచోట కోడలు తన కష్టం చెప్పదు, ఆతిథ్యమిచ్చే ఇల్లాలు పకోడీలు వేయించడంలో ఉండి వాక్యమే వినదు. టీ, బిస్కట్లతో సరిపెట్టండి. ప్రార్థన సమయంలో స్త్రీలను ముగ్గురేసిగా వేరే గదిలో కూర్చోనివ్వండి, అక్కడ చెప్పిన సంగతి ఆదివారం గుడి మెట్ల మీద వినిపించకూడదని ముందే గట్టిగా చెప్పండి. పదిహేడు మంది ఒక్కచోట ఉంటే ముగ్గురే మాట్లాడతారు. పాస్టరుగారి అనుమతితో రెండు ఇళ్లకు విభజించి, రెండవదానికి ఒకరిని తయారుచేయండి.

బల్లార్షా విశ్వాసి:
మా మహారాష్ట్ర వైపు కూడా ఇదే పరిస్థితి, కాకపోతే పిల్లలు మరాఠీ మాధ్యమం. మేము తెలుగు కీర్తనలను దేవనాగరి అక్షరాల్లో రాసి పంచాము. మీరు ఒడియా అక్షరాల్లో రాయించండి.

పర్లాకిమిడి పెద్ద:
ఈ సలహాను నేను అంగీకరించలేను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటువైపు వచ్చింది, అప్పటినుండి మిగిలిన కాస్త తెలుగును మనమే ఒడియా లిపిలోకి మార్చి పాడుకుంటే మనుమల నాటికి ఏమి మిగులుతుంది? గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉండి సవర గిరిజనులకు వారి భాషలోనే చదువు చెప్పించాలని పాటుపడ్డారు. ఆదివార పాఠశాలలో అరగంట పలకలు పట్టించి అక్షరాలు దిద్దిస్తే ఏడాదిలో చదువుతారు.

గుణుపురం ఉపాధ్యాయురాలు:
పెద్దలు క్షమించాలి. పంతులుగారు ఆ సవర పాఠాలను తెలుగు లిపిలోనే రాశారు కదా, అంతమాత్రాన సవర భాష తెలుగైపోలేదు. అక్షరాలు తప్పక నేర్పండి, కాని శుక్రవారం వచ్చే పాతికేళ్ల యువకుడు ఏడాది తరువాత కాదు, ఈ వారమే మాట్లాడాలి.

జయపురం లూథరన్:
మొదటి కొరింథీయులకు 14వ అధ్యాయంలో, కూడి వచ్చినప్పుడు ఒకరు కీర్తన, ఒకరు బోధ తెస్తారని పౌలు చెబుతూ, అర్థం చెప్పేవాడు లేకపోతే భాషతో మాట్లాడేవాడు మౌనంగా ఉండాలని కూడా అన్నాడు. ఒడియా చదువు తప్పు కాదనడానికి ఇది చాలు.

బరంపురం గుమాస్తా:
అక్కడ పౌలు చెప్పినది ఆత్మవరమైన భాషల గురించి, ఒడియా గురించి కాదు.

జయపురం లూథరన్:
అందరికీ క్షేమాభివృద్ధి కలగాలన్న సూత్రం రెండింటికీ ఒకటే.

రాయగడ సహోదరుడు:
సరే. మిల్లులో రెండవ షిఫ్టు వారికోసం కూడికను ఆదివారం మధ్యాహ్నానికి మార్చవచ్చా అని పాస్టరుగారిని అడగాలి, మార్కు సంగతి కూడా అప్పుడే చూస్తాను. ఒడియా గ్రంథం మా తమ్ముడి దగ్గర ఉంది. అమ్మగారికి వందనాలు.

పర్లాకిమిడి పెద్ద:
పలకల విషయం మాత్రం మీ సంఘ పెద్దల ముందు పెట్టండి. ఖర్చు ఎంతవుతుందో నేను రాసి పంపగలను.