ఫోను జాడలను బట్టి మనిషి రేపు ఎక్కడ ఉంటాడో చెప్పగలమా? ఆ 93 శాతం దేనిలో?

ప్రశ్న: బెజవాడ మాస్టారు

మిత్రులకు నమస్కారం. నేను విజయవాడలో ఒక జూనియర్ కళాశాలలో లెక్కలు చెబుతాను. ఉదయం ఎనిమిదింబావు అయ్యేసరికి, నేను అడగకుండానే, నా ఫోను కళాశాలకు ఇరవై రెండు నిమిషాలు పడుతుందని, దారిలో రద్దీ లేదని చూపిస్తుంది. ఆదివారం అదే వేళకు రైతు బజారు దారి చూపిస్తుంది. నేను ఎక్కడ పని చేస్తానో, కూరగాయలు ఎక్కడ కొంటానో దానికి ఎన్నడూ చెప్పలేదు. ఈ సంగతి గురించి చదువుతూ ఉంటే, మొబైల్ వాడేవారి కదలికలను 93 శాతం వరకు ముందే చెప్పవచ్చని అమెరికాలో తేల్చారన్న వాక్యం పదేపదే కనబడింది. నాకు రెండు సందేహాలు ఉన్నాయి. ఆ 93 దేనిలో 93? నూరు గంటలలో తొంభై మూడు గంటలా, నూరుగురిలో తొంభై ముగ్గురా? ఇక రెండవది, ఫోనులో లొకేషన్ ఆపేస్తే ఈ జోస్యం ఆగిపోతుందా? లెక్కతో చెప్పినా ఇబ్బంది లేదు. నిజానికి లెక్క లేకుండా చెబితేనే నాకు నమ్మకం కుదరదు.

సమాధానం: శేషం సున్న

మాస్టారూ, ఆ సంఖ్య 2010 ఫిబ్రవరిలో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన పత్రంలోనిది. ఛావోమింగ్ సాంగ్, ఆల్బర్ట్-లాస్లో బరబాసి, మరో ఇద్దరు కలిసి దాన్ని రాశారు. ఒక మొబైల్ కంపెనీ చందాదారులలో 50,000 మందిని ఎంచుకొని, వారు ఫోను వాడినప్పుడల్లా ఏ టవర్ పరిధిలో ఉన్నారో మూడు నెలల పాటు నమోదైన రికార్డులను వారు పరిశీలించారు. పేర్లు, నంబర్లు తీసేసిన రికార్డులవి. ఈ సంఖ్యను ఎత్తి చూపేవారు ఇక్కడే ఒక సంగతి వదిలేస్తుంటారు: సగటున రెండు గంటలకు ఒకసారైనా ఫోను చేసేవారినే ఆ యాభై వేల మందిలోకి తీసుకున్నారు. అంటే, నెలకు నాలుగు కాల్స్ మాట్లాడే మా నాయనమ్మ వంటివారు ఆ లెక్కలో లేరు.

ఇప్పుడు మీరు అడిగిన లెక్కకు వస్తాను. ఒక మనిషి తిరిగే చోట్లన్నీ సమానంగా సంభవమే అనుకొని, ఏ గంటకు ఎక్కడ ఉంటాడో గుడ్డిగా ఊహించాలంటే, వారి డేటాలో ఆ అనిశ్చితి సుమారు 6 బిట్లు వచ్చింది. అంటే 2 ఘాతం 6, అరవై నాలుగు చోట్లలో ఒకటి ఎంచుకోవడంతో సమానం. కానీ ఆ మనిషి ఏ చోటికి ఎన్నిసార్లు వెళ్తాడు, ఏ చోటి తరువాత ఏ చోటికి వెళ్తాడు అన్న వరుసను కూడా లెక్కలోకి తీసుకుంటే, ఎంట్రొపీ, అంటే ఆ అనిశ్చితి కొలత, సుమారు 0.8 బిట్లకు పడిపోయింది. 2 ఘాతం 0.8 అంటే దాదాపు 1.74. అరవై నాలుగు చోట్ల సందిగ్ధం రెండు చోట్ల లోపుకు వచ్చిందన్నమాట. ఈ ఎంట్రొపీని, అనిశ్చితిని బట్టి ఊహ ఎంతవరకు సరిపోగలదో చెప్పే ఫానో అసమానత అనే సూత్రంలో పెడితే, ఎంత తెలివైన పద్ధతి అయినా దాటలేని గరిష్ఠ హద్దు వస్తుంది. ఒక్కొక్కరికీ విడిగా కట్టిన ఆ హద్దులు ఎక్కువగా 93 శాతం చుట్టూనే గుమిగూడాయి, 80 శాతం కంటే తక్కువ వచ్చినవారు దాదాపు లేరు.

కాబట్టి అది గంటల లెక్కే, మనుషుల లెక్క కాదు. అయితే అంతకన్నా ముఖ్యమైనది, అది సాధించిన ఫలితం కాదు, దాటలేని హద్దు. పరీక్షకు నూరు మార్కులు పెట్టారంటే విద్యార్థికి నూరు వచ్చాయని కాదు గదా. అదే పత్రంలో, ఆ గంటకు మనిషి ఎక్కువసార్లు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉంటాడని చెప్పే మామూలు పద్ధతితోనే సుమారు 70 శాతం సరిపోతుందని కూడా ఉంది.

నాకు ఆ పత్రంలో నిజంగా ఆశ్చర్యం కలిగించినది 93 కాదు. రోజూ వందల కిలోమీటర్లు తిరిగేవారి విషయంలోనూ, ఊరు దాటని వారి విషయంలోనూ ఆ హద్దు ఇంచుమించు ఒకే చోట ఉంది. రోజూ ఒకే దారిలో బస్సు నడిపే డ్రైవరును తలచుకుంటే అందులో వింత లేదని తోస్తుంది గానీ, లెక్కలో చూసేదాకా నాకు తట్టలేదు.

ఒక తిరకాసు కూడా ఉంది. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు మీరు ఇంట్లోనే ఉంటారని చెప్పడానికి శాస్త్రం అక్కరలేదు, కానీ ఆ ఎనిమిది గంటలూ సరైన ఊహలుగానే లెక్కకు వస్తాయి. తరువాతి గంట ఎక్కడ అని కాకుండా, ఉన్నచోటి నుంచి కదిలితే తరువాత వెళ్లే చోటు ఏది అని అడిగిన పరిశోధకులకు ఆ హద్దు సుమారు 71 శాతం దగ్గరే ఆగింది.

సమాధానం: టవర్ దగ్గరి మనిషి

పై మిత్రుడు లెక్క చక్కగా చెప్పారు. నేను పన్నెండేళ్లు మొబైల్ నెట్‌వర్క్ నిర్వహణలో పనిచేసిన వాడిని కాబట్టి, ఆ లెక్కకు ఆధారమైన సరుకు గురించి చెబుతాను, మీ రెండవ సందేహం కూడా అందులోనే తీరుతుంది.

ఫోనులో లొకేషన్ ఆపితే జీపీఎస్ అందుకొనే యాప్‌లకు దారి మూసుకుంటుంది, అంతవరకే. కాల్ రావాలంటే మీరు ఏ టవర్ పరిధిలో ఉన్నారో నెట్‌వర్క్‌కు తెలిసి తీరాలి, లేకపోతే మీ ఫోను మోగదు. ఊరికే జేబులో ఉన్న ఫోను గురించి కొన్ని టవర్ల సముదాయం వరకే తెలుస్తుంది. కాల్ చేసినా, అందుకున్నా, డేటా వాడినా అది ఫలానా టవర్, ఫలానా దిక్కు అని నమోదవుతుంది. మన దేశంలో ఈ రికార్డులను కనీసం రెండేళ్లు ఉంచాలని 2021 డిసెంబరులో లైసెన్సు షరతులను మార్చారు, అంతకు ముందు ఏడాదే ఉండేది.

అయితే ఈ సరుకు కల్తీ లేనిది కాదు. బెజవాడ నడిబొడ్డున ఒక టవర్ పరిధి కొన్ని వందల మీటర్లు ఉంటే, పొలాల మధ్య అది కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. రెండు టవర్ల సరిహద్దులో ఇల్లు ఉన్నవారి ఫోను, మనిషి మంచం దిగకుండానే, రాత్రంతా ఇటూ అటూ మారుతూ ఉంటుంది. దాన్ని మేము పింగ్‌పాంగ్ అనేవాళ్లం. ఆ మార్పులను ఏరివేయకుండా లెక్క కడితే, నిద్రపోతున్న మనిషి రాత్రికి ఇరవై సార్లు ప్రయాణం చేసినట్టు తేలుతుంది. భర్త పేరు మీద తీసుకున్న సిమ్ భార్య చేతిలో ఉండడం, ఒకరికి రెండు సిమ్‌లు ఉండడం మన దగ్గర మామూలే. రికార్డు సిమ్ జాడ చెబుతుంది, మనిషి జాడ మనం ఊహించుకోవాలి.

సమాధానం: మూసీ ఒడ్డు

నాకొక అభ్యంతరం ఉంది. మామూలు రోజున మామూలు మనిషి ఎక్కడ ఉంటాడో చెప్పడం వల్ల ఎవరికి లాభం? వరద వచ్చినప్పుడు, భూకంపం వచ్చినప్పుడు జనం ఎటు పోతారో చెప్పగలిగితేనే కదా ఈ విద్యకు విలువ. ఆ రోజు పాత అలవాట్లన్నీ తలకిందులవుతాయి కాబట్టి ఈ పద్ధతులు చేతులెత్తేస్తాయని నా అనుమానం.

సమాధానం: శేషం సున్న

మూసీ ఒడ్డు గారూ, నేనూ అలాగే అనుకునేవాడిని. హైతీ విషయం చదివాక అభిప్రాయం మార్చుకున్నాను. 2010 జనవరి 12న అక్కడ భూకంపం వచ్చింది. షిన్ లూ, లినస్ బెంగ్ట్‌సన్, పీటర్ హోమ్ అనే పరిశోధకులు 19 లక్షల మంది మొబైల్ వాడకందారుల జాడలను, భూకంపానికి 42 రోజుల ముందు నుంచి దాదాపు ఏడాది తరువాత వరకు పరిశీలించారు. మూడు వారాలు తిరగకముందే రాజధాని పోర్ట్-ఓ-ప్రిన్స్ జనాభా సుమారు 23 శాతం తగ్గిందని వారి అంచనా. అంత కల్లోలంలోనూ మనుషుల కదలికలలోని క్రమం చెదరలేదు, ముందే చెప్పగల హద్దు ఎక్కువగానే నిలిచింది.

జనం ఎటు పోయారన్నది అంతకన్నా ఆసక్తికరమైన విషయం. భూకంపానికి కొద్దిరోజుల ముందు క్రిస్మస్, కొత్త సంవత్సరం పండుగలకు ఎవరు ఏ ఊరికి వెళ్లారో, రాజధాని విడిచినప్పుడు ఎక్కువగా ఆ ఊరికే వెళ్లారు. ఆపద వచ్చిన నాడు మనిషి అపరిచితమైన చోటికి పారిపోడు, తనకు అన్నం పెట్టే చోటికి పోతాడు. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీ అయి, జనం గోదావరి జిల్లాలకూ, శ్రీకాకుళానికీ, పాలమూరుకూ పోవడం చూసిన మనకు దీని అర్థం వేరే చెప్పనక్కరలేదు. సహాయ సామగ్రి ఎక్కడికి ఎంత పంపాలో నిర్ణయించవలసిన అధికారికి, మామూలు రోజుల రద్దీ పటం కంటే పండుగ వారం పటమే ఎక్కువ పనికివస్తుంది.

దీనికే మరో పార్శ్వం ఉంది. స్విట్జర్లాండ్‌లోని లొసాన్ ప్రాంతంలో కొందరి అనుమతితో నోకియా సేకరించిన ఫోను డేటా మీద, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో ఒక ప్రయత్నం చేశారు. ఒక మనిషి జాడలను మాత్రమే చూసి తరువాత ఎక్కడ ఉంటాడో చెబితే సగటు పొరపాటు కిలోమీటరు దాకా వచ్చింది. అతని స్నేహితుల జాడలను కూడా కలిపితే అది పదుల మీటర్లలోకి దిగింది. పాల్గొన్నది కొద్దిమందే కాబట్టి ఆ అంకెను నేను పెద్దగా పట్టించుకోను గానీ, దారి మాత్రం హైతీ చూపినదే: మన కదలికల రహస్యం మన ఫోనులో ఉన్నంతగా మనవారి ఫోనులలోనూ ఉంది. మాస్టారూ, మీ రెండవ ప్రశ్నకు ఇదీ ఒక జవాబే. మీరు ఆపినా వారు ఆపలేదు కదా.

సమాధానం: గుంటూరు వకీలు

పేర్లు, నంబర్లు తీసేసిన రికార్డులు అని పైన అన్నారు. అది చదువరులకు కలిగించే ధీమా సరైనది కాదని మనవి. 2013లో ఇవ్-అలెగ్జాండర్ ద మోంజోయి బృందం 15 లక్షల మంది పదిహేను నెలల రికార్డులను పరిశీలించి, ఏ వేళకు ఏ టవర్ దగ్గర అన్న నాలుగు జాడలు చాలు, 95 శాతం మందిని ఆ గుంపులో నుంచి విడిగా గుర్తించవచ్చని చూపింది. మీ ఇల్లు, కళాశాల తెలిసినవారికి అందులో రెండు ముందే దొరికినట్టు.

చట్టం సంగతి చూస్తే, న్యాయస్థానాల ముందుకు ఇంతవరకు వచ్చిన ప్రధానమైన తగవులు గడిచిన జాడల గురించో, ప్రస్తుత జాడ గురించో వచ్చినవే. అమెరికాలో కార్పెంటర్ అనే నిందితుడి కేసులో పోలీసులు 127 రోజులకు సంబంధించి 12,898 టవర్ జాడలు సంపాదించారు. వారంటు లేకుండా అలా తీసుకోవడం చెల్లదని 2018 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. మన దేశంలో 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చింది. 2024 జూలైలో ఫ్రాంక్ వైటస్ కేసులో, బెయిలు మీద ఉన్న నిందితుడు గూగుల్ మ్యాప్స్‌లో పిన్ పెట్టి తన ఉనికి తెలుపుతూ ఉండాలన్న షరతును సుప్రీంకోర్టు కొట్టివేసింది. అదే పనిగా కదలికలు కనిపెట్టే వీలు పోలీసులకు కల్పించే షరతు, జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను కాపాడే రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని అన్నది. అసలు ఆ పిన్ వల్ల మనిషిని వెంటాడడం కుదరదని గూగులే కోర్టుకు విన్నవించింది. ఏమీ కనిపెట్టలేని షరతు మీద అంత వ్యాజ్యం నడవడం మా వృత్తిలో కొత్త కాదు లెండి.

జరగని రేపటి గురించి ఊహించిన సమాచారం ఎవరిది అన్న ప్రశ్న వేరు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, మనిషిని గుర్తించడానికి వీలున్న ఏ డేటా అయినా వ్యక్తిగత డేటాయే అంటుంది, కాబట్టి ఊహించినది కూడా దానిలోకి వస్తుందని నా అభిప్రాయం. పరిశోధనకు, గణాంకాలకు ఆ చట్టం మినహాయింపు ఇచ్చింది, కానీ ఆ డేటాతో ఒక నిర్దిష్ట వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోకూడదన్న నియమం పెట్టింది. పండుగ వారం పటం గీయడానికీ, ఫలానా చందాదారుడు గురువారం ఊళ్లో ఉండడని రుణం వసూలు చేసేవాడికి చెప్పడానికీ మధ్య గీత అక్కడ ఉంది.

ప్రశ్న వేసినవారి జవాబు: బెజవాడ మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. శేషం సున్న గారు చెప్పిన మామూలు పద్ధతిని నా మీదనే ప్రయోగించి చూశాను. గడిచిన వారంలోని 168 గంటలకు, ఆ గంటకు నేను సాధారణంగా ఉండే చోటు ఏదో ముందుగా కాగితం మీద రాసుకొని, తరువాత నిజంగా ఎక్కడ ఉన్నానో ఎదురుగా వేసుకున్నాను. 151 గంటలు సరిపోయాయి, అంటే దాదాపు 90 శాతం. ఇంటర్ మార్చి పరీక్షలు దగ్గరపడ్డ రోజులు కావడం వల్ల అది ఎక్కువగా వచ్చిందేమో, వేసవి సెలవులలో మళ్లీ చూస్తాను.

తప్పిన 17 గంటలను విడదీసి చూస్తే, పదకొండు గంటలు గుడివాడలో మా వియ్యాలవారి ఇంట్లో పెళ్లిచూపులకు పోయాయి. ఆ ప్రయాణం సంగతి నాకు ముందురోజు రాత్రి తెలిసింది. మా ఆవిడ ఫోనులో మాత్రం నాలుగు రోజులుగా గుడివాడ కాల్స్ వస్తూనే ఉన్నాయి.