పది కాలేజీలకే అప్లై చేయాలట, మీ పిల్లల స్కూళ్లలోనూ ఇంతేనా?

ఎడిసన్ అమ్మ:
మా పెద్దది ట్వెల్త్‌కి వచ్చింది. న్యూజెర్సీలో ఓ ప్రైవేట్ స్కూలు. నిన్న సాయంత్రం కాలేజ్ కౌన్సెలర్ మమ్మల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్కరికి పది అప్లికేషన్లే, పదకొండోదానికి ట్రాన్స్‌క్రిప్ట్ (మార్కుల పత్రం) పంపం అని చెప్పేశాడు. చాలా కాలేజీలకి ఒకే ఫారంతో అప్లై చేసే కామన్ యాపే 20 దాకా పెట్టుకోనిస్తుంటే మధ్యలో వీళ్లెవరండీ?

దానికి బీఎస్-ఎండీ (డిగ్రీ, డాక్టరీ కలిపి ఒకే ప్రోగ్రాం) కావాలి. సీట్లు గుప్పెడుంటాయి కాబట్టి పదిహేడు కాలేజీలు రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. ఆ కాగితానికి నా పసుపు వేళ్లు కూడా అంటాయి, అన్నిసార్లు చూశాను. గుంటూరులో మా అక్క కొడుకు మొన్న ఎంసెట్ వెబ్ ఆప్షన్లలో (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారుగా) నూటపాతిక పెట్టాడు. ఎందుకురా అని అడిగిన నాథుడు లేడు. ఇక్కడ అంతంత ఫీజులు కట్టి ఇదీ మన బతుకు.

ఫ్రిస్కో నాన్న:
పది ఇచ్చారా, అదృష్టవంతులు. మావాడి స్కూల్లో ఎనిమిదే. కౌన్సెలర్లకి పని ఎక్కువ అంటారు, అది సాకు. సిఫార్సు లెటర్ ఒకసారి ఎక్కిస్తే కామన్ యాప్ లిస్టులో ఉన్నవాటన్నిటికీ అదే పోతుంది. అసలు సంగతి వేరు. క్లాసులో టాపర్లు నలుగురూ పేరున్న ప్రతి కాలేజీకీ అప్లై చేస్తే, ఒక్కొక్కరికీ పదేసి అడ్మిట్లు వస్తాయి, చేరేది ఒక్కదాంట్లో. వాళ్ల వెనక ఉన్నవాళ్లు వెయిట్‌లిస్టులో పడిగాపులు. మావాడు ఆ వెనకవాళ్లలో ఒకడు లెండి, అందుకే నాకు ఆ రూలు మీద అంత కోపం రాలేదు.

ఫ్రీమాంట్ బాబాయి:
అమ్మా, కోపం పక్కనపెట్టి ముందు ఆ పదిని ఎలా లెక్కేస్తారో అడగండి. మా దగ్గర యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా)లో డిగ్రీ చదివే క్యాంపస్‌లు 9, అప్లికేషన్ ఒక్కటే, క్యాంపస్‌కి 80 డాలర్లు. మార్కులు పిల్లలే టైప్ చేసుకుంటారు, కౌన్సెలర్ చేతిలో ఏమీ ఉండదు. మా అమ్మాయి స్కూల్లో తొమ్మిదీ కలిపి ఒకటిగా లెక్కేశారు. మీ న్యూజెర్సీ రట్గర్స్ యూనివర్సిటీ కూడా అంతే. న్యూ బ్రన్స్‌విక్, న్యూఆర్క్ రెండూ ఒకే అప్లికేషన్‌లో పెట్టుకోవచ్చు, గ్రేడ్లు ఎస్‌ఆర్‌ఏఆర్ అనే ఆన్‌లైన్ ఫారంలో మనమే నింపాలి. పిట్ (పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ) రోలింగ్, అంటే అప్లికేషన్లు వచ్చినవి వచ్చినట్టే చూసి జవాబిస్తారు కాబట్టి సీజన్ మొదట్లోనే పెట్టేయండి. అది వస్తే సేఫ్టీ కాలేజీలకి (తప్పక వస్తుందనుకునేవాటికి) దాచుకున్న స్లాట్లు మిగులుతాయి. ఎర్లీ డెసిషన్ (వస్తే చేరతామని ముందే ఒక కాలేజీకి మాటివ్వడం) జోలికి మాత్రం ఆలోచించి వెళ్లండి. దాని మీద పిల్ల, మీరు, కౌన్సెలర్ ముగ్గురూ సంతకం పెట్టాలి, వచ్చిందంటే మిగతావన్నీ వెనక్కి తీసుకోవాల్సిందే.

సోఫమోర్ పిల్లాడు (కాలేజీ రెండో ఏడు):
ఆంటీ, నాది పబ్లిక్ స్కూలు, లిమిట్ లేదు, పందొమ్మిది పెట్టాను. డిసెంబరు 31 రాత్రి అమ్మ కింద కేక్ కోస్తోంది, నేను పైన పదహారోదాని 'వై దిస్ కాలేజ్' ఎస్సే పాతదాన్నే అతికిస్తున్నా. సబ్మిట్ కొట్టాక చూసుకుంటే రెండో పేరాలో వేరే కాలేజీ పేరు. బీఎస్-ఎండీ అయితే ప్రతి ప్రోగ్రాంకీ విడిగా ఎస్సేలు, మీకు తెలిసే ఉంటుంది. రాసేది అక్కే కాబట్టి పదిహేడులో ఎన్ని రాయగలదో అక్కనే అడగండి.

ఎడిసన్ అమ్మ:
బాబాయిగారూ, అడిగాను. రట్గర్స్ రెండు క్యాంపస్‌లూ కలిపి ఒకటేనట. టీసీఎన్‌జే (కాలేజ్ ఆఫ్ న్యూజెర్సీ), దాంతో ముడిపడ్డ ఎన్‌జేఎంఎస్ (న్యూజెర్సీ మెడికల్ స్కూల్) ఏడేళ్ల ప్రోగ్రాం కూడా ఒకటే. అలా పదిహేడు కాస్తా పదిహేనైంది. బాబూ, నీ మాట విని రాత్రి పెన్ను దాని చేతికే ఇచ్చా. టకటకా నాలుగు కొట్టేసింది. అందులో రెండు నేను రాయించినవే! ఇంకోటి తీయాలి. దాని నాన్నకి ఇష్టమైన కాలేజీ ఒకటుంది, ఆయన ఆఫీసు నుంచి రాకముందే తేల్చేస్తాం.