అప్‌డేట్: చిన్న చేతులతో ఎఫ్ కార్డ్ పట్టగలుగుతున్నాను

నా చేతులు చిన్నవని, ఎఫ్ కార్డ్ (కొన్ని స్వరాలను కలిపి మోగించే వేళ్ల పట్టు) అందడం లేదని, గిటార్ మార్చుకోవాలా అని మూడు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు.

చిక్కంతా బొటనవేలి దగ్గరే ఉంది. నేను దానిని గిటార్ మెడ పైఅంచు మీదికి వేసి పట్టుకునేదాన్ని. మీరు చెప్పినట్లు మెడ వెనుక మధ్యభాగానికి దించి, మణికట్టును కాస్త ముందుకు తేగానే, అంతవరకు గాలిలో వణికే చిటికెనవేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు పట్టీ) వద్ద నిలిచింది.

కేపో, అంటే తీగలన్నిటినీ అడ్డంగా నొక్కి పట్టే బిగింపు, వాడమన్న మీ సలహా ఇంకా మేలు చేసింది. 650 మిల్లీమీటర్ల తీగ పొడవున్న నా క్లాసికల్ గిటార్‌లో మొదటి గడి (తలవైపు అంచు నుంచి మొదటి ఫ్రెట్ వరకు ఉన్న దూరం) దాదాపు 36 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండో ఫ్రెట్‌లో కేపో బిగిస్తే, వేలు పెట్టవలసిన మొదటి గడి సుమారు 32కు తగ్గుతుంది. స్వరం ఒక టోను పెరిగినా సాధనకు అది అడ్డు కాదు. నెల రోజులు అలా వాయించి, తర్వాత కేపోను ఒకటో ఫ్రెట్‌కు జరిపి, పోయిన వారం పూర్తిగా తీసేశాను.

స్నేహితురాలి స్టీలు తీగల గిటార్ కూడా ప్రయత్నించాను. దాని మెడ సన్నం కాబట్టి వేళ్లు సులువుగా అందాయి, కానీ కొనలు బాగా నొప్పెట్టాయి. పైగా మా విశాఖ లాసన్స్ బే సముద్రపు గాలికి ఆ తీగలు తుప్పు పడుతున్నాయి, వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవక తప్పడం లేదు. అందుకే నా నైలాన్ తీగల గిటార్‌నే ఉంచుకున్నాను.

సి కార్డ్ నుంచి ఎఫ్‌కు మారేటప్పుడు మాత్రం లయ ఇంకా తప్పుతోంది. అక్కడ ప్రస్తుతానికి ఒకటో తీగను నొక్కకుండా వదిలేసి, ఎఫ్‌కు దగ్గరగా ఉండే ఎఫ్ మేజర్ సెవెన్ కార్డ్ వాయిస్తున్నాను.