మల్బరీ తోట సముద్రమైందంటే తెలుగులో ఏమనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఒక కొరియన్ వ్యాసాన్ని తెలుగులోకి తెస్తున్నాను. సోల్ నగరంలోని జామ్‌షిల్ ప్రాంతం పల్లె నుంచి పెద్ద వ్యాపార కేంద్రంగా ఎలా ఎదిగిందో చెప్పే వ్యాసం. అందులో 'సాంగ్‌జొన్ బ్యొఖే' అనే నాలుగక్షరాల నానుడి వచ్చింది. 'మల్బరీ తోట, నీలి సముద్రం' అని అక్షరార్థం. ఒక చోటు ఆనవాలు పట్టలేనంతగా మారిపోయిందని చెప్పడానికి అక్కడివాళ్లు వాడతారు. 'ఓడలు బండ్లయ్యాయి' అంటే సరిపోతుందా?

ఒక సభ్యుడు:
సరిపోతుందండీ. కాదనుకుంటే 'రూపురేఖలే మారిపోయాయి' అని రాసేయండి. చదివేవాళ్లు ఎక్కడా ఆగరు.

మరో సభ్యురాలు:
'ఓడలు బండ్లు' మాత్రం వద్దండీ. అది కలిమిలేముల మాట. ఉన్నవాడు లేనివాడు కావడం, లేనివాడు ఉన్నవాడు కావడం. శతక పద్యంలోనూ ఆ అర్థమే. కొరియన్ నానుడిలో మారేది మనిషి దశ కాదు, నేల. 'రూపురేఖలు మారిపోయాయి' అర్థానికి దగ్గరే, ఇంకో ఊరి గురించైతే నేనూ అదే రాసేదాన్ని. కానీ జామ్‌షిల్ దగ్గర మల్బరీని వదిలేస్తే చాలా పోతుంది.

ఆ ఊరి పేరే పట్టుపురుగుల ఇల్లు. 'జామ్' అంటే పట్టుపురుగు, 'షిల్' అంటే గది. చొసొన్ రాజుల కాలంలో ప్రభుత్వమే అక్కడ పట్టుపురుగుల్ని పెంచించేది. పురుగులున్నచోట వాటికి మేతగా మల్బరీ ఉండాల్సిందే. హిందూపురం వైపు పట్టు రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. అంటే ఆ నానుడిలోని తోట జామ్‌షిల్‌లో నిజంగా ఉండేది.

నీళ్ల కథ ఇంకా పెద్దది. 1970 వరకు జామ్‌షిల్ హాన్ నది మధ్య ఒక దీవి. గోదావరి జిల్లాల్లో 'లంక' అంటామే, అదే. దానికి ఉత్తరాన ఒక పాయ, దక్షిణాన ఒక పాయ. వరదొస్తే ఊళ్లు మునిగేవి. దక్షిణపు ఒడ్డున సొంగ్‌ఫా అని పేరున్న రేవు, సంత ఉండేవి. 1925 నాటి మహా వరద ఆ ఊరిని ఊడ్చుకుపోయింది. 1971లో దక్షిణపు పాయకు అడ్డుకట్ట వేసి పూడ్చడం మొదలుపెట్టారు. లంక కాస్తా దక్షిణపు ఒడ్డుకు అతుక్కుపోయింది. పూడ్చకుండా వదిలిన నీళ్లే ఇప్పటి సొక్‌ఛోన్ సరస్సు. నది పోయిన చోట 1970ల మధ్య నుంచి అపార్ట్‌మెంట్లు లేచాయి. 1980లో మెట్రో వచ్చింది, 1984లో ఒలింపిక్ స్టేడియం, 1988లో ఒలింపిక్స్. మరుసటేడు లోట్టే వరల్డ్ అనే వినోద పార్కు తెరిచారు. అందులో ఒక భాగం ఆ సరస్సు మధ్యలోనే ఉంది. 2017లో తెరిచిన లోట్టే టవర్‌కు 123 అంతస్తులు, ఎత్తు సుమారు 555 మీటర్లు.

చూడండి, ఇక్కడ తోట సముద్రం కాలేదు, నీళ్లే నేలయ్యాయి. ఈ మాట మూలం చైనా కథలో ఉంది. మాగు అనే అమర స్త్రీ, తూర్పు సముద్రం మూడుసార్లు మల్బరీ తోట కావడం తాను చూశానంటుంది. చైనా వాడుకలో ఇప్పటికీ సముద్రం ముందు, తోట తర్వాత. కొరియన్లకు అలవాటైన నానుడిలో తోట ముందొచ్చింది. జామ్‌షిల్‌కు ఆ పాత కథలోని వరసే ఎక్కువ నప్పుతుంది. అందుకని 'మల్బరీ తోటలు సముద్రమయ్యాయన్న సామెత ఇక్కడ తిరగబడి నిజమైంది' అని రాస్తే ఎలా ఉంటుంది? కొంచెం పొడవే, కానీ విషయం పోదు.

ఇంకో మాట. మీ ప్రశ్నలో 'ఎదిగింది' అన్నారు. ఆ క్రియ గురించి ఒకసారి ఆలోచించండి. చెట్టు ఎదుగుతుంది, పిల్లలు ఎదుగుతారు. జామ్‌షిల్ దానంతటది ఎదగలేదు. నదిని మళ్లించి, ప్లాన్ గీసి, కట్టారు. ఆ లంకలో వ్యవసాయం చేసుకున్నవాళ్ల ప్రస్తావన లేకుండా 'ఎదిగింది' అనేస్తే వాళ్లు వాక్యంలోంచే మాయమవుతారు. 'మార్చేశారు' అనండి, 'కట్టారు' అనండి. ఎవరో చేసిన పని అని తెలియాలి.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, ఆ క్రియ సంగతి నాకు తట్టనే లేదు. వ్యాసంలో 'షిన్‌ఛన్ స్టేషన్' అని కూడా ఉంది. మ్యాపులో జామ్‌షిల్ పక్కన ఆ పేరు కనపడటం లేదు.

అదే సభ్యురాలు:
2016లో పేరు మార్చారు. ఇప్పుడది జామ్‌షిల్‌సేనే. అదే మెట్రో లైన్‌లో నగరం పడమటి వైపు షిన్‌ఛోన్ అనే స్టేషన్ ఉంది. షిన్‌ఛన్ అంటే కొత్త ఏరు, షిన్‌ఛోన్ అంటే కొత్త ఊరు. వినడానికి రెండూ దాదాపు ఒకటే, జనం తికమకపడేవారు. 'సేనే' అన్నా కొత్త ఏరే, కాకపోతే అచ్చ కొరియన్ మాట. ఆ ఏరు మనం చెప్పుకున్న ఉత్తరపు పాయే. ఇవాళ హాన్ నది మొత్తం పారుతున్నది అందులోంచే. వ్యాసంలో పాత పేరు అలాగే ఉంచి, పక్కన కొత్త పేరు చేర్చండి. లేకపోతే చదివినవాళ్లు పడమటి షిన్‌ఛోన్‌కు వెళ్లి సరస్సు కోసం వెతుకుతారు.