నోటితో చెప్పి తెలుగు రాయించడం: చుక్క ఎలా? మైకు ఏది?

అరసున్న:
రోజుకు పది పేజీల మేటర్. గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ వాడుతున్నా. చుక్క, కామా పడట్లేదు. "లో", "కు", "తో" విడివిడిగా పడుతున్నాయి. రెండు వేల లోపు మైకు ఏది మంచిది?

తోటమాలి:
డాక్స్‌లో తెలుగుకి చుక్క చెప్పే మాట లేదు, వెతక్కండి. మేటర్‌లో ఎక్కడా రాని మాటలు రెండు ఎంచుకోండి. చుక్కకి బొప్పాయి, పేరాకి దానిమ్మ. "వానలు తగ్గాయి బొప్పాయి" అని చెప్పుకుంటూ పోవడమే. అంతా అయ్యాక వర్డ్‌లో పెట్టి, కంట్రోల్ హెచ్ కొట్టి, ముందున్న ఖాళీతో సహా బొప్పాయిని వెతికి చుక్కగా మార్చండి. ఖాళీ మర్చిపోతే చుక్క ఎడంగా వేలాడుతుంది. దానిమ్మ బదులు క్యారెట్ గుర్తు, దాని పక్కన ఇంగ్లిష్ చిన్న పి. ఈ రెండోది వర్డ్‌లోనే, డాక్స్ రీప్లేస్‌లో కుదరదు. గుమ్మడికాయ మాత్రం పెట్టుకోకండి, ఒకసారి కలిపి, ఒకసారి "గుమ్మడి కాయ" అని రాస్తుంది.

ఉల్లిపొర:
వంటల శీర్షిక రాసేవాళ్ల గతేంటి సార్?

తోటమాలి:
ఖడ్గమృగం అనండి. వంటల్లో రాదు.

పొల్లుమాష్టారు:
అసలు ప్రమాదం "లో" దగ్గర. ఖాళీ తీసేసి ఒకేసారి అన్నీ మార్చేస్తే "హైదరాబాద్ లో" కాస్తా "హైదరాబాద్లో" అయి, ద కింద ల వత్తు పడుతుంది. కాబట్టి ముందు పొల్లుతో ముగిసేవి మార్చాలి: "ద్ లో", "ట్ లో", "స్ లో", "ర్ లో", ఇలా ఒక్కోటీ. ఖాళీ స్థానంలో కనపడని విడదీత గుర్తు పెట్టాలి. వర్డ్‌లో 200సి (సి ఇంగ్లిష్‌లో) కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే అది వస్తుంది. కాపీ చేసి రీప్లేస్ గడిలో అతికించండి. అచ్చుతో ముగిసే మాటల పని ఆ తర్వాతే.

ఉల్లిపొర:
అన్నీ ఒకేసారి మార్చితే ఇంకో చిక్కు. "ఆయనకు లో బీపీ" అన్నది "ఆయనకులో బీపీ" అవుతుంది. "ట్రాన్స్‌ఫార్మర్ లో వోల్టేజ్" కలిస్తే అర్థమే మారిపోతుంది. "లో"కి ఒక్కోటీ చూసుకుంటూ మార్చాల్సిందే. "కు", "తో"లకి ఇంత బెడద లేదు.

అజంతం:
ఈ గుర్తుల గోలంతా ఎందుకండీ? తెలుగు అజంత భాష, మాటలు అచ్చుతో ముగుస్తాయి. హైదరాబాదులో, కోర్టులో, బస్సులో అని నిండుగా పలకండి, యంత్రం చాలావరకు కలిపే రాస్తుంది. "కోర్ట్" అని గొంతు నొక్కి ఆపితే "లో" విడిపోక ఏంచేస్తుంది?

పొల్లుమాష్టారు:
"యూట్యూబులో", "వాట్సాప్పులో" అని పేపర్లో వేస్తారా మీరు?

అజంతం:
వేస్తాం. రోడ్డు, బస్సు, కోర్టు అలా వచ్చినవేగా?

పొల్లుమాష్టారు:
మనుషుల పేర్లకీ ఉకారం తగిలిస్తారా? నాయకుడి పేరు మారిస్తే ఎడిటర్ ఊరుకోడు.

అజంతం:
పేర్ల సంగతి నేనెత్తానా? చదివి మాట్లాడండి.

ప్రెస్సుసిరా:
ఇద్దరూ ఆగండి. పాతికేళ్లుగా డీటీపీలో ఉన్నవాణ్ని చెబుతున్నా. డిక్టేషన్ ఇచ్చేది యూనికోడ్. ప్రెస్సువాళ్లు పేజ్‌మేకర్‌లో (పేజీలు పేర్చే పాత సాఫ్ట్‌వేర్) అను ఫాంట్లు అడిగితే, అవి యూనికోడ్ కావు కాబట్టి కన్వర్టర్‌లో వేయాలి. మాష్టారు పెట్టించిన ఆ కనపడని గుర్తు కొన్ని కన్వర్టర్లలో చెత్త అక్షరంగా తేలుతుంది. దిద్దుబాట్లన్నీ యూనికోడ్‌లోనే ముగించి, కన్వర్షన్ ఆఖర్న పెట్టుకోండి. అనులోకి వెళ్లాక బొప్పాయిని వెతికినా దొరకదు.

ఉల్లిపొర:
ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టుకుంటే యూనికోడ్ వత్తులు సరిగ్గానే పడతాయి. ఇంకా పేజ్‌మేకరేంటి?

ప్రెస్సుసిరా:
ఆ మాట ప్రెస్సు ఓనరుకి చెప్పండి, నాకు కాదు.

మానేరుఒడ్డు:
గివన్నీ సరే. "వస్తున్నరు" అంటే "వస్తున్నారు" అని దిద్దుతది. "చేసిన్రు" అంటే ఏం రాస్తదో దానికే తెల్వదు. అది నేర్చుకున్న రాత ఎక్కువ పేపర్ల భాషనే గదా. కథల సంభాషణలు మైకుకు చెప్పకుండ్రి. ఆడ "ఖడ్గమృగం" అని ఆపి, ఎనుకకొచ్చి చేత్తోని కొట్టుకునుడే నయం. మొత్తం మేటర్ల "స్తున్నారు"ను "స్తున్నరు" చేస్తే కథకుని వాక్యాలు సుత మారిపోతయి.

అజంతం:
సంభాషణ కూడా మామూలు భాషలో రాస్తే సరి.

మానేరుఒడ్డు:
ఎవ్వల మామూలు అన్నా? మీ ఇంటిదా, మా ఇంటిదా?

తోటమాలి:
ఈ గొడవ వేరే థ్రెడ్‌లో పెట్టుకోండి బాబూ.

అరసున్న:
మైకు...?

ప్రెస్సుసిరా:
వైరు హెడ్‌సెట్ ఏదైనా చాలు. బ్లూటూత్ వద్దు. మైకు మొదలవగానే అది కాల్ పద్ధతిలోకి మారి, చాలావాటిలో శాంప్లింగ్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తుందన్నది) 8 లేదా 16 కిలోహెర్ట్జ్‌కి పడిపోతుంది. అందులో సగం వరకే శబ్దం నిలుస్తుంది కాబట్టి, 8 అయితే 4 కిలోహెర్ట్జ్ పైన ఏమీ మిగలదు. స, ఫ లాంటి అక్షరాల బుస ఎక్కువగా ఉండేది అక్కడే. మైకు పెదవుల మూలకి రెండు వేళ్ల దూరంలో పెట్టండి, ఎదురుగా పెడితే ప, భ పలికినప్పుడు ఊపిరి తగులుతుంది. ఫ్యాను గాలి నేరుగా తగలకూడదు. మధ్యలో వేరే ట్యాబ్‌కి వెళ్తే డాక్స్ వినడం ఆపేస్తుంది, చూసుకోకుండా పేరాడు చెప్పేస్తారు.

అరసున్న:
థాంక్సండీ. మరి కామాకి? సీతాఫలం అనుకున్నా.

తోటమాలి:
"సీతా ఫలం" అని రెండు ముక్కలు చేస్తుంది. సపోటా చూడండి.