బయోడేటాలో ‘హోమ్లీ’ అని రాయవచ్చా?

ప్రశ్న (బీటీఎం లేఅవుట్, బెంగళూరు)

అందరికీ నమస్కారం. మా చెల్లెలి పెళ్ళి సంబంధాల కోసం నాన్నగారు ఇంగ్లీషులో తయారుచేసిన బయోడేటాలో ‘హోమ్లీ గర్ల్’ అని రాశారు. అణకువ గల పిల్ల, ఇంటి పనులు తెలిసిన పిల్ల అని ఆయన ఉద్దేశం. దానిని అమెరికాలో స్థిరపడిన ఒక కుటుంబానికి పంపబోతుండగా, అక్కడ కొంతకాలం పనిచేసి వచ్చిన మా ఆఫీసు మిత్రుడు ఆ మాట తీసేయమని గట్టిగా చెప్పాడు. నేనుండే పీజీ గుమ్మం మీద ‘ఆంధ్రా స్టైల్ హోమ్లీ ఫుడ్’ అని పసుపు అక్షరాల బోర్డు ఉంది. రోజూ దానిని చూసే నాకు ఇందులో తప్పేమిటో బోధపడలేదు.

జవాబు (జయనగర్)

మీ మిత్రుడు మంచి సలహా ఇచ్చారు. బ్రిటన్‌లో ఈ విశేషణాన్ని ఎక్కువగా ఇల్లు, వసతి, భోజనం వంటివాటికి వాడతారు. ఆడంబరం లేకుండా, సొంతింట్లో ఉన్నంత హాయిగా ఉందని దాని భావం. అమెరికాలో మనిషిని ఆ మాట అంటే రూపురేఖలు అంతంతమాత్రమని అర్థం. అబ్రహాం లింకన్ ముఖాన్ని వర్ణించడానికి ఆనాటివారు వాడిన మాటల్లో ఇదొకటి. ఇంటి హాయిని చెప్పడానికి అమెరికన్లు ‘హోమీ’ అంటారు. రెండు అర్థాలూ ‘సాదాసీదా’ అన్న ఒక్క భావం నుంచే పుట్టాయి: భోజనం సాదాగా ఉందంటే మెచ్చుకోలు, ముఖం సాదాగా ఉందంటే చిన్నచూపు. ఇంటిపట్టున ఉండే అమ్మాయి అన్నది మన దేశపు పెళ్ళి ప్రకటనల్లో స్థిరపడిన మూడో అర్థం. మనలో మనకు అది తప్పు కాదు గాని, సముద్రం దాటితే ఆడపిల్లకు అవమానమవుతుంది.

జవాబు (మారతహళ్ళి)

బోర్డుల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. చివర ‘లీ’ ఉన్నా, ‘ఫ్రెండ్లీ’ లాగే ఇదీ విశేషణమే. అందువల్ల ‘హోమ్లీ ఫుడ్’ సరైనదే గాని, ‘హోమ్లీ కుక్డ్ ఫుడ్’ పొసగదు. ‘హోమ్ కుక్డ్’ అనాలి.

జవాబు (మల్లేశ్వరం)

నా బయోడేటాలోనూ ఈ మాట ఉండేది. పెళ్ళిచూపులకు వచ్చినవారు దానిని చూపించి, అయితే ఉద్యోగం మానేస్తావు కదా అని అడిగారు. ఆ ఉద్దేశం మా ఇంట్లో ఎవరికీ లేదు. కనుక ఇక్కడి సంబంధాలకైనా ఆ మాట వద్దనే నా అభిప్రాయం. మీ చెల్లెలి గురించి ఏం రాయాలో దయచేసి ఆమెనే అడగండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఫోన్‌లో అడిగాను. ఆ మాట కొట్టేసి, ‘స్కూల్లో లెక్కలు చెబుతాను, వీణ నేర్చుకుంటున్నాను, వంట వచ్చు’ అని తనే రాసి పంపింది. నాన్నగారు ఒప్పుకున్నారు.